తలుపు చూసి వచ్చిన బావకు

సిరిసిల్ల,
తేది 18-11-2024.

ఇచ్చోడలో రోడ్డు పక్కన బట్టల దుకాణం పెట్టి, బట్టల కంటే మాటలే ఎక్కువ అమ్ముతున్న మా బావ లక్ష్మీరాజం గారికి,

సిరిసిల్ల నుంచి మీ బామ్మర్ది పర్శరాములు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేము బాగున్నాం. మీరు అక్కడ బాగా లేరని నా చెల్లె నర్మద చెప్పింది కాబట్టి మీ క్షేమం అడగడం లేదు. గారు అనీ, మీరు అనీ రాశాను. ఉత్తరం మొదట్లో అట్లా రాయాలని బడిలో సారు నేర్పాడు. ఆ మర్యాద అయిపోయింది. ఇక్కడి నుంచి నువ్వు అనే రాస్తాను.

ఫోన్ ఎందుకు చేయలేదని అంటావు. ఫోన్‌లో నేను బావా అనే లోపల నువ్వు నీ సంగతులన్నీ చెప్పేస్తావు. నేను ఆఁ అంటాను. నువ్వు పెట్టేస్తావు. నీకు నర్మదను ఇచ్చిన నాటి నుంచి మన మాటలు ఇట్లాగే నడిచాయి. ఉత్తరంలో నువ్వు అడ్డం రాలేవు. చదువుతూ అరిచినా నాకు వినపడదు. అందుకే కాగితాలు తెచ్చుకున్నాను. రిజిస్టర్ చేసి పంపుతున్నాను. మామూలుగా పంపితే నాకు అందలేదంటావు.

అసలు సంగతి ముందే రాస్తాను. నువ్వు ఏదీ చివరిదాకా వినే మనిషివి కావు.

నీ నాలుకకు పక్కన పుండు అయింది. బతుకమ్మకు ముందే అయింది, ఇప్పటికీ మానలేదు. కరీంనగర్ పోయి చూపించుకోవాలి. నర్మద ఏడ్చి చెప్పినా నువ్వు పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో నర్మదకు తెలియదు, నాకు తెలుసు. అది కూడా రాస్తాను.

నర్మద దీపావళికి వచ్చి నా ముందు కూర్చుని చెప్పింది. "అన్నా, గాయన కారం ముట్టుకుంటలేడు. పెరుగన్నం గూడ ఒక దిక్కే నములుతుండు. ఏమైందంటె పన్ను గీసుకున్నది, నీకెందుకే అంటుండు" అన్నది. తర్వాత ఇంకో మాట చెప్పింది. "గిరాకీ వస్తె గూడ మాట్లాడతలేడు అన్నా. చీర దీసి ముంగట పడేసి ఊకుంటుండు" అన్నది. దానికి భయపడ్డాను. చీర ముందు పెట్టి నువ్వు నోరు మూసుకున్నావంటే అది పన్ను గీసుకున్న పుండు కాదు.

పన్ను గీసుకుంటే పన్ను పీకించుకుంటారు. నువ్వేం చేశావు. ఎవరో సీసాలో పోసి ఇచ్చిన పసరు పూసుకున్నావు. అది మండితే పని చేస్తున్నదని అన్నావట. మండడమే పని అయితే మిరపకాయ పెట్టుకోకపోయావా. తర్వాత బాసర పోయి వచ్చావట. అక్కడికి పిల్లలను తీసుకుపోయి అక్షరాలు దిద్దిస్తారు. ఈ వయసులో నువ్వు ఏం దిద్దుకుందామని పోయావో నాకు తెలియదు. అమ్మవారిని నేను ఏమీ అనను. ఆమె ముందు కూడా నువ్వు నోరు తెరిచి చూపించి ఉండవు.

నువ్వు పగటిపూట దుకాణంలో నోరు తెరిచి గురక పెడుతుంటే నర్మద ఫోన్‌తో ఫొటో తీసింది. నీకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. ఆ ఫొటో పట్టుకుని ఇద్దరం మమతారాణి మేడం దగ్గరికి పోయాం. పోయిన ఏడాది నన్ను చూసిన డాక్టరమ్మే. ఫొటోలో నీ పళ్లు కనిపించాయి, పళ్ల మీద జర్దా మరకలు కనిపించాయి, పుండు కనిపించలేదు. మేడం నవ్వలేదు. "గురక ఫొటోకు నేనేం వైద్యం జెయ్యాలమ్మా, మనిషిని తోల్కరా" అన్నది. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తుందట. అది కాన్సరే అయితే, ఇంకా చిన్నగా ఉండగానే వస్తే, నాకు చేసినట్టు లోపలి నుంచి రేడియేషన్ పెట్టి నాలుకను ఉంచవచ్చట. ఆలస్యమై ఎముక దాకా పోయినా, మెడలో గడ్డలు వచ్చినా కత్తి తప్పదట. "ఎన్ని దినాలు ఆగొచ్చు మేడం" అని నర్మద అడిగింది. "ఇప్పటికే ఆగిండ్రు గదా" అన్నది మేడం.

ఇది నీ సంగతి. ఇప్పుడు నా సంగతి. నీకు తెలుసు అనుకుంటావు. నీకు తెలియదు.

పోయిన ఏడాది నాకు నాలుక పక్కన ఇట్లాంటి పుండే అయి కాన్సర్ అన్నప్పుడు నాకు మాట రాదని నువ్వు తోడు వచ్చావు. వచ్చినందుకు అప్పట్లో సంతోషపడ్డాను. డాక్టరమ్మ ముందు కూర్చున్నాక నాకు ఏ పక్కన నొప్పి అని ఆమె అడిగితే నువ్వు చెప్పావు. జర్దా ఎప్పటి నుంచి తింటున్నానని అడిగితే నువ్వు చెప్పావు. అదీ తప్పే చెప్పావు. కోయవచ్చు, లేదా కోయకుండా లోపల రేడియేషన్ పెట్టవచ్చు, రెండు దారులున్నాయని ఆమె అన్నది. నువ్వు కాలు మీద కాలు వేసుకుని అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కోసేయుండ్రి మేడం. మా బామ్మర్దికి నాలిక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పెండ్లి నాడు గూడ గీయన నోరు దెరువలే" అన్నావు. అని నవ్వావు. బయట కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు.

ఆమె నీ దిక్కు చూడలేదు. నా దిక్కు తిరిగి "పెద్దాయనా, నాలిక నీది గదా, నువ్వు చెప్పు" అన్నది. నేను "ఉండనీయుండ్రి" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడింది అదొక్కటే. నీకు అది కూడా ఎక్కువ అనిపించింది. బయటకు వచ్చాక "దేనికే నీకు" అని అడిగావు. ఎప్పుడో ఒక్కసారి మాట్లాడేవాడికి నాలుక ఎందుకని నీకు అనుమానం. రోజంతా వాగేవాళ్లకు ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

మత్తు ఇచ్చి, గడ్డం కింది నుంచి నాలుకలోకి సన్నని గొట్టాలు దించారు. లేచేసరికి గదుమ కింద ప్లాస్టిక్ దారాలు వేలాడుతున్నట్టు ఉన్నాయి. ముక్కులోంచి ఇంకో గొట్టం, అన్నానికి. నాలుక వాచి నోటినిండా అయింది. మాట్లాడవద్దన్నారు. దవాఖానలో ఆ మాట విని బాధపడనివాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడి నర్సు మంజుల "తాతా, మాట్లాడొద్దంటె అందరు చేతులతోని సైగలన్న జేస్తరు. నువ్వు గది గూడ జేస్తలేవు, బతికే ఉన్నవా" అని అడిగేది. నేను తల ఊపేవాణ్ణి. "ఆఁ, ఉన్నడు" అని రాసుకుని పోయేది.

ఆ తర్వాతే నువ్వు తలుపు చూశావు.

నన్ను ఒక గదిలోకి తీసుకుపోయారు. నిన్ను లోపలికి రానీయలేదు, బయట బల్ల మీద కూర్చున్నావు. లోపల ఒక ఇనుప డబ్బా లాంటి మిషను ఉంది. దాని గొట్టాలను నా గదుమ కింది గొట్టాలకు కలిపారు. తర్వాత మంజుల బయటకు పోయింది. మిషను నడిపే పిల్లాయన పోయాడు. మేడం కూడా పోయింది. మందమైన తలుపు మెల్లగా మూసుకుంది. పైన ఎర్ర బల్బు వెలిగింది. ఇంతవరకు నువ్వు చూసింది నిజమే. నీ కళ్లను నేను తప్పు పట్టను. ఆ తర్వాత నువ్వు చేసిన ఆలోచననే తప్పు పడుతున్నాను.

ఆ బల్బు ఆరిందాకా కూడా నువ్వు కూర్చోలేదు. నర్మద టిఫిన్ తీసుకుని మెట్లెక్కి వస్తుంటే ఎదురుపోయి "లోపటికి పోకే. డాక్టర్లే ఉరికిండ్రు. గాయన నోట్లె ఏం బెట్టిండ్రో, ముట్టుకుంటె మనకంటుతది" అన్నావు. దుకాణం మూసి వచ్చానని చెప్పి ఆదిలాబాద్ బస్సు ఎక్కావు. ఆ బస్సులో కూర్చున్నవాళ్లలో మనోళ్లు కూడా ఉన్నారు. నీ పక్కన కూర్చున్నవాళ్లు ఊరుకున్నా నువ్వు ఊరుకోవు కదా. నేను దవాఖాన నుంచి ఇంటికి రాకముందే నీ మాట సిరిసిల్ల వచ్చి కూర్చుంది.

లోపల ఏం జరిగిందో నేను చెప్తాను, నేను ఉన్నాను కాబట్టి. సన్నని తీగ కొసకు నూకగింజంత మందు బిళ్ల ఉంటుంది. అది డబ్బాలోంచి బయలుదేరి గొట్టంలో పోతుంది. పుండు ఉన్న దగ్గర ఆగుతుంది. జర ముందుకు పోయి మళ్లీ ఆగుతుంది. పని కాగానే వెనక్కి డబ్బాలోకి పోతుంది. మగ్గంలో దారం పట్టుకుని నాడె పోయి వచ్చినట్టే. నాకు నొప్పి తెలియలేదు. గోడకు కెమెరా, మైకు ఉన్నాయి. మంజుల "తాతా, అయిపాయె, కదలకు" అని మైకులో అనేది. బల్బు ఆరగానే తలుపు తీసుకుని సీదా నా దగ్గరికి వచ్చి, తల కింది మెత్త సరిచేసి, నా నోటి నుంచి కారుతున్న ఎంగిలి తుడిచేది. ఆ బిళ్ల డబ్బాలోకి పోయాక నా నోట్లో ఉన్నవి ఉత్త గొట్టాలు. ఎవరికీ అంటేది ఏదీ లేదు.

మరి వాళ్లెందుకు బయటకు పోయారు. నేను అడగలేదు, నర్మద అడిగింది. "మీ అన్నకు రోగమున్నది, గీ నాలుగొద్దులు వెడ్తం, అయిపోతది. నాకు రోగం లేదు, నేను దినాం గీడనే ఉంట. నాకెందుకమ్మా గా రేడియేషన్" అన్నది మేడం. ఇంతే. నర్మద చదివింది చిన్న చదువు. ఆమెకు ఒకసారి చెప్తే అర్థమైంది. పొద్దున, సాయంత్రం అట్లా పెట్టిన రోజులన్నీ నా చెల్లె నా మంచం పక్కన నేల మీద పడుకుంది. నా ఉమ్మి గిన్నె కడిగింది. అదే చేత్తో అన్నం తిన్నది. ఆమెకు ఏమీ కాలేదు. బస్సెక్కి పోయినవాడికి పుండు అయింది. ఇది శాపం అని నేను అనను. ఇద్దరం ఒకే డబ్బాలోంచి జర్దా తిన్నాం, అంతే. నేను మానేశాను. నువ్వు మానలేదు.

నువ్వు చూసింది తలుపు, బావా. తలుపు చూసి వచ్చి గదిలో సంగతి చెప్పావు. నువ్వు జీవితమంతా చేసింది అదే. సంబంధాలు మాట్లాడబోయి గడప దగ్గర చెప్పులు చూసి పిల్ల గుణం చెప్పేవాడివి. జనం నమ్మేవారు, గొంతు పెద్దది కాబట్టి.

నేను ఇంటికి వచ్చాక నోరంతా పూసింది. మేడం ముందే చెప్పింది. జావ కూడా మింగలేకపోయాను. ఆ బాధ నాకు పెద్దగా గుర్తు లేదు. గుర్తున్నది వేరే. నేను పని చేసే షెడ్డుకు పోతే మగ్గాల దగ్గరికి రానీయలేదు. మగ్గాలు బాగుచేసే సిద్దిరాములు టెస్టర్ పట్టుకుని వచ్చాడు. రేడియేషన్‌ను మనోళ్లు కరెంటు పెట్టుడు అంటారు కదా. ఆ టెస్టర్ కొస నా దవడకు ఆనించి "ఎలుగుతలేదు. పవర్ పోయినట్టున్నది కాకా" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. వాడు తమాషాకు చేశాడు. కానీ ఆ రోజు నుంచి నా చాయ్ గ్లాసు గోడకు కొట్టిన వేరే మొలకు వేలాడింది. అది తమాషా కాదు.

దాన్ని కూడా ఓర్చుకున్నాను. నీ ఇంటి తొట్టెల నాటి సంగతి ఓర్చుకోలేదు.

మన ఇంట్లో పుట్టిన పిల్లకు తొట్టెల వేసే రోజు మేనమామ ఇంటి బట్ట కిందికి రావాలి. నా బాపు నర్మద పిల్లల కోసం నేశాడు. నీ బిడ్డ భవ్యశ్రీకి పాప పుట్టినప్పుడు, భవ్యశ్రీకి మేనమామను కాబట్టి నేను నేశాను. పాలిస్టర్ మగ్గం మీద కాదు. అటక మీది పాత చేతిమగ్గం దించి, నూలు తెచ్చి, నోరు పూసి ఉన్నప్పుడే కూర్చుని నేశాను. చేతులకు రోగం లేదు కదా. అది పట్టుకుని ఇచ్చోడ వచ్చాను. గేటు దగ్గరే నువ్వు ఎదురు వచ్చావు. లోపలికి రమ్మనలేదు. టెంటు బయట, జనరేటర్ పక్కన, చెప్పులు విడిచే చోట ప్లాస్టిక్ కుర్చీ వేయించావు. "జర గీడ కూసో. చిన్న పిల్ల ఉన్నది, ఏమనుకోకు" అన్నావు. అందరికీ స్టీలు ప్లేట్లు, నాకు అట్ట ప్లేటు. నేను నేసిన బట్టను కర్రతో ఎత్తి దండెం మీద ఎండలో వేయించావు. దానిలోది చచ్చిపోవాలని. పాపను తొట్టెలలో వేరే బట్ట మీద వేశారు. పాట పాడుతుంటే జనరేటర్ చప్పుడులో నాకు వినిపించలేదు.

నేను ఏమీ అనలేదు. ఎప్పటిలాగే. అన్నం తినకుండా బస్సెక్కాను. భవ్యశ్రీ ఉరికివచ్చి "మామా, తినిపో" అన్నది. ఆ పిల్లను ఏమీ అనను. నిన్ను అంటున్నాను. ఆ రోజు నీ ముఖంలో భయం లేదు, బావా. భయపడేవాడైతే పాపం అనుకునేవాణ్ణి. జనం ముందు అన్నీ తెలిసినవాడిలా నిలబడే సంతోషమే కనిపించింది. ఆ సంతోషం చూసి నువ్వంటే నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ పోలేదు. దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

ఇప్పుడు నువ్వు ఎందుకు పోవడం లేదో రాస్తాను.

నీకు సూదుల భయం లేదు. చావు భయం కూడా పెద్దగా లేదు, నీకు అది ఎదుటివాడి సంగతి. నీ భయం ఆ ప్లాస్టిక్ కుర్చీ. దవాఖానకు పోతే నీకూ అదే తలుపు మూస్తారు, అదే బల్బు వెలుగుతుంది. ఇంటికి వస్తే నువ్వు చెప్పిన మాట ప్రకారమే నీకు వేరే ప్లేటు, వేరే గ్లాసు. మనుమరాలిని ఎత్తుకోనివ్వరు. నీ దుకాణంలో చీర ముట్టుకోరు. ఏమీ కాదు, అంటదు, ఏదీ ఉండిపోదు అని ఇప్పుడు చెప్దామంటే, ఏడాది కింద అంతమందికి చెప్పింది ఎవరు అని అడుగుతారు. అబద్ధం చెప్పావని ఒప్పుకోవాలి. దానికంటే పసరు పూసుకుని పడుకోవడం నీకు సులువుగా ఉంది. జనరేటర్ పక్కన నాకు వేసిన కుర్చీకి జడిసి నాలుక పోగొట్టుకుంటావు. ఇంతకంటే తెలివితక్కువ చావు మన కులంలో ఎవరూ చావలేదు.

నాలుక కోశాక ఎట్లా ఉంటుందో దవాఖానలో చూశాను. నా పక్క మంచం మీద ఒకాయన ఉండేవాడు. వాళ్లావిడతో ఏదో అనేవాడు, ఆమెకు అర్థమయ్యేది కాదు. మళ్లీ అనేవాడు. ఆమె నీళ్లు ఇచ్చేది. ఆయన అడిగింది నీళ్లు కాదు. గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. ఆయన ఆలస్యంగా వచ్చాడట. నేను అట్లా బతకగలను. నువ్వు ఒక్క పూట బతకలేవు. నువ్వు మాట్లాడకపోతే నువ్వనేవాడివే ఉండవు.

అందుకని చెప్తున్నాను. ఇంత రాశాక ఇదొక్కటి అడగను, చెప్తాను. వచ్చే సోమవారం మమతారాణి మేడం ఉంటుంది. పొద్దున బస్సుకు రా. నేను కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సులు ఆగేకాడ నిలబడతాను. ముక్క తీస్తే జర మండుతుంది. కాన్సర్ కాదంటే ఇద్దరం చాయ్ తాగి ఎవరి బస్సు వాళ్లు ఎక్కుదాం. అవునంటే ముందు చెడిపోయిన పళ్లు తీస్తారు, నీకు చాలా తీయాల్సి వస్తుంది. తర్వాత గొట్టాలు. అవి ఉన్నన్ని రోజులు నువ్వు మాట్లాడలేవు. నర్మదకు పెళ్లయిన తర్వాత కొంచెం నెమ్మది దొరికేది అప్పుడే. గొట్టాలు తీసిన తర్వాత నోరు పూస్తుంది, కొన్ని వారాలు నరకం. తర్వాత మానుతుంది. నాకు ఇప్పుడు కారం మళ్లీ తెలుస్తోంది. పచ్చిపులుసు తాగుతున్నాను. సర్వపిండి రొట్టెను నీళ్లలో నానబెట్టుకుంటున్నాను, ఉమ్మి తక్కువైంది. జర్దా మాత్రం అక్కడితో సరి. మూడు నెలలకోసారి పోయి నోరు చూపిస్తున్నాను. మేడం చూసి బాగుంది అంటుంది. ఇంకేమన్నా చెప్తావా అని అడుగుతుంది. ఏమీ లేదంటాను.

నీ తలుపు బయట బల్ల మీద నేను కూర్చుంటాను. బల్బు ఆరిందాకా కూర్చుంటాను. అది నీకు చూపించడానికే వస్తున్నాను, వేరే ప్రేమ ఏమీ లేదు.

భవ్యశ్రీకి, పాపకు దీవెనలు. నర్మద ఈ ఉత్తరం సంగతి అడిగితే చూపించు, దాచకు. చెయ్యి నొస్తోంది, ఇంత ఎప్పుడూ రాయలేదు. నీకు పెట్టాల్సిన దండం మొదట్లోనే పెట్టాను.

ఇట్లు,
నీ మీద కోపం పోని బామ్మర్ది
పర్శరాములు.

తా.క. కవరు అంటించబోయి ఆగి ఇది రాస్తున్నాను. పైన రాయనిది ఒకటి ఉంది. నర్మదకు కూడా ఇంకా చెప్పలేదు.

నిన్న మన సంఘం భవనంలో మీటింగు అయింది. అయిపోయి అందరూ లేస్తుంటే నేను నిలబడ్డాను. సిద్దిరాములు "ఏందే కాకా, నీళ్లు గావాల్నా" అన్నాడు. నేను మాట్లాడడానికి నిలబడ్డానని ఎవరికీ తోచలేదు. మైకు ఇవ్వబోతే వద్దన్నాను. చెమటకు అంగీ తడిసింది.

లక్ష్మీరాజం బావ మీకు చెప్పిందంతా నేను చెప్పమంటే చెప్పిందే అని చెప్పాను. గొట్టాలు పెట్టేముందు నాకు భయమై, నా ఒంట్లో విషం ఉండిపోతదనుకుని, నా దగ్గరికి ఎవ్వరినీ రానియ్యొద్దని బావతో నా చేతిలో చెయ్యి వేయించుకున్నాను అన్నాను. తొట్టెల నాడు బయట కూర్చుంటానన్నది నేనే, కుర్చీ అడిగింది నేనే, ఆయన మాట తప్పని మనిషి కాబట్టి అట్లా చేశాడు అన్నాను. తర్వాత దవాఖానలో అడిగితే అట్లాంటిది ఏమీ లేదన్నారు, బుద్ధి నాకే తక్కువైంది అన్నాను. గొట్టంలో బిళ్ల ఎట్లా పోయి వస్తుందో అది కూడా చెప్పాను. మగ్గం నడిపేవాళ్లు కదా, తొందరగా అర్థమైంది.

నవ్వారు. బాగా నవ్వారు. "గిన్ని దినాలు గీ ముచ్చట కడుపుల వెట్టుకొని తిరిగినవా కాకా" అని సిద్దిరాములు నా చాయ్ సగం సాసర్‌లో పోసుకుని తాగాడు. ఇచ్చోడ దిక్కున్న మనోళ్లకు ఈ పాటికి ఫోన్లు పోయి ఉంటాయి.

కాబట్టి బుద్ధిలేనివాణ్ణి ఇప్పుడు నేను. నువ్వు ఇచ్చిన మాట మీద నిలబడ్డవాడివి. నువ్వు దవాఖాన నుంచి వచ్చాక నీకు ఎవరూ వేరే ప్లేటు పెట్టరు. నిన్ను క్షమించి ఇది చేశాననుకోకు. ఆ తొట్టెల నాటిది నేను చచ్చినా మరచిపోను. నర్మద నా ముందు కూర్చుని ఏడ్చింది, అది చూడలేక చేశాను.

దీని గురించి నిన్ను ఎవరన్నా అడుగుతారు. అవునని తల ఊపు. ఒక్క మాట కూడా సొంతంగా కలపకు.